వెలుగును విడదీసిన తెలుగువాడు: ఆచార్య సూరి భగవంతం

వాటర్లూలో చలికాలపు సూర్యుడు ఎంత పిసినారియో ఇక్కడ రెండు సంవత్సరాలు కాపురం చేసిన తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. డిసెంబరు నెలలో సాయంత్రం అయిదు కొట్టకముందే ఇంట్లో దీపాలు వేసుకోవాలి. అటువంటి రోజుల్లో ఎప్పుడో ఒక అరగంట ఎండ కాస్తే, కిటికీలో వేలాడదీసిన గాజు బిళ్ళలోంచి ఏడు రంగులు వచ్చి గోడ మీద పడతాయి. పిల్లలు పుస్తకాలు వదిలి ఆ రంగులను అరచేతిలో పట్టుకోవాలని చూస్తారు. తెల్లటి వెలుగులో ఇన్ని రంగులు ఎక్కడ దాక్కున్నాయని అడుగుతారు. మాలో చాలామంది ఇంజనీరింగు చదువుకున్నవాళ్ళమే కనుక ఆ ప్రశ్నకు పాఠ్యపుస్తకం మేరకు జవాబు చెప్పి గట్టెక్కుతాము.

రెండో ప్రశ్న అంత తేలికగా గట్టెక్కనివ్వలేదు. 1957లో మొదలైన మా ఊరి విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు డోనా స్ట్రిక్‌లాండ్‌కు 2018లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె పొరుగున ఉన్న గ్వెల్ఫ్‌లో పుట్టిన మనిషి. లేజరు మెరుపును రంగులవారీగా విడదీసి, సాగదీసి, బలం పెంచి, మళ్ళీ ఒక్కటిగా కూర్చటం ఆమె, ఆమె గురువు జెరార్ మూరూ కలిసి 1985లో లోకానికి తెలిపిన విద్య. ఆ సంగతి వివరిస్తూ ఉంటే, వెలుగును విడదీసి చదివే ఈ పనిలో మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పిల్లలు అడిగారు. సర్ సి. వి. రామన్ పేరు అందరమూ చెప్పాము. రామన్ గారి పక్కనే నిలిచి ఆ విద్యలో ఆరితేరి, దాన్ని తెలుగునేల మీదికి తెచ్చి నాటిన కృష్ణాజిల్లా వాని పేరు మాత్రం వెంటనే ఎవరి నోటా రాలేదు. మా సిగ్గును దాచుకోక, ఆ లోటు తీర్చుకొనే ప్రయత్నంగా కీర్తిశేషులు ఆచార్య సూరి భగవంతం గారి జీవితాన్ని ఈ సంచికలో క్లుప్తంగా చెప్పుకుంటున్నాము.

ఆగిరిపల్లి నుంచి కలకత్తాకు

అప్పటి కృష్ణాజిల్లాలో నూజివీడుకు దగ్గరగా ఉన్న ఊరు ఆగిరిపల్లి. శోభనాచలం కొండ మీది నరసింహస్వామి వల్ల ఆ ఊరి పేరు చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆ ఊళ్ళో 1909 అక్టోబరు 14వ తేదీన భగవంతం గారు జన్మించారు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో భౌతికశాస్త్రం చదివి పట్టం పొందారు. మద్రాసు విశ్వవిద్యాలయం ఎమ్మెస్సీలో ప్రథమ స్థానం సంపాదించారు.

ఆ రోజుల్లో భౌతికశాస్త్రం చదివిన తెలుగు యువకునికి ముందున్న దారులు బహు కొద్ది. సర్కారు కొలువు ఒకటి, కాలేజీలో పాఠాలు చెప్పటం మరొకటి. పరిశోధన అన్నది సీమకు వెళ్ళి వచ్చిన ఏ కొద్దిమందికో అందే వస్తువు. భగవంతం గారు సీమకు పోలేదు, కలకత్తా రైలెక్కారు. 1928లో, పందొమ్మిదేళ్ళ ప్రాయంలో, బౌబజారు వీధిలోని భారతీయ విజ్ఞాన సంవర్ధన సంఘంలో రామన్ గారి బృందంలో చేరారు.

ఆ సంవత్సరం ఎటువంటిదో చెప్పుకోవాలి. ఆ ఫిబ్రవరి 28వ తేదీననే రామన్ గారు తమ పేరు శాశ్వతంగా నిలిపిన ఫలితాన్ని కనుగొన్నారు. ఒకే రంగు గల వెలుగును ఒక ద్రవం మీదికి పంపితే, పక్కలకు చెదిరి వచ్చే వెలుగులో చాలాభాగం అదే రంగులో ఉంటుంది. కాని అందులో అతి స్వల్పమైన పాలు, సుమారుగా కోటికి ఒక వంతు, కొంచెం రంగు మారి వస్తుంది. ఆ మారిన మేర ఎంతో కొలిస్తే, ఆ పదార్థంలోని అణువులు ఎలా కంపిస్తున్నాయో తెలుస్తుంది. వైద్యుడు నాడి పట్టుకొని లోపలి సంగతి చెప్పినట్టు, మారిన రంగును పట్టుకొని అణువు లోపలి సంగతి చెప్పవచ్చు.

చిక్కంతా ఆ కోటికి ఒక వంతును మిగిలినదాని నుంచి వేరు చేయటంలోనే ఉన్నది. తిరునాళ్ళ గోలలో ఒక పసిపిల్ల ఏడుపును గుర్తుపట్టటం వంటి పని అది. మొదట రామన్ గారు రంగు గాజులతో ఆ పని సాధించారు. లోపలికి పోయే వెలుగుకు ఊదారంగు గాజు అడ్డుపెట్టి, బయటికి వచ్చే వెలుగుకు ఆ ఊదాను ఆపివేసే మరొక గాజు అడ్డుపెట్టారు. రెండు గాజులూ కలిస్తే చీకటి మిగలాలి. చీకటి బదులు మసక వెలుగు కనపడితే, రంగు మారిన వెలుగు ఉన్నట్టే. ఆ తరువాత పాదరసపు ఆవిరి దీపం, స్పెక్ట్రోగ్రాఫు వచ్చాయి. సన్నని చీలిక, దాని వెనుక కటకం, ఆ వెనుక గాజు పట్టకం, చివర ఫోటో పలక. ఇవే స్పెక్ట్రోగ్రాఫు అంగాలు. పట్టకం వెలుగును రంగులవారీగా విడదీస్తుంది, ఒక్కొక్క రంగు పలక మీద ఒక్కొక్క గీతగా పడుతుంది. వెలుగు అంత బలహీనం కనుక ఒక్క ఫోటో కోసం గంటల తరబడి, కొన్నిటికి రోజుల తరబడి, చీకటిగదిలో పలకను అలా ఉంచాలి. మధ్యలో బల్ల కదిలినా, గది వేడిమి మారినా శ్రమంతా వృథా. ఈ ఓర్పు చదువు బౌబజారు వీధిలోనే భగవంతం గారికి అబ్బింది.

వజ్రం, రెండు బొమ్మల పట్టకం

ఆ ఓర్పుకు తొలి ఫలం వజ్రం రూపంలో దక్కింది. వజ్రంలో ఉన్నది ఒక్క కర్బనమే. అంత శుద్ధమైన, అంత కఠినమైన పదార్థం మీద వెలుగు పడితే ఏమి జరుగుతుంది? 1930 ప్రాంతాన వజ్రాన్ని ఈ పద్ధతిలో పరీక్షించిన తొలి కొద్దిమందిలో భగవంతం గారు ఒకరు. పలక మీద ఒక్క గీత, కత్తితో గీసినట్టు స్పష్టంగా వచ్చింది. 1332 అనే అంకెతో భౌతికశాస్త్రజ్ఞులు పిలిచే గీత అదే. నేడు రత్నపరీక్ష చేసే ప్రయోగశాలల్లో రాయి వజ్రమా, వజ్రంలాగా మెరిసే మరొకటా అని తేల్చటానికి చూసే గీత కూడా అదే. కొల్లూరు వజ్రాల గనులకు పుట్టినిల్లయిన తెలుగుదేశపు బిడ్డ ఆ పరీక్షకు ఆదిలో చేయివేయటం మాకు ముచ్చటగా తోస్తుంది.

వెలుగును రంగులవారీగా విడదీయటం ఒక పద్ధతి. అది ఊగే దిక్కును బట్టి విడదీయటం మరొకటి. తాడును ఒక కొస పట్టుకొని పైకీ కిందికీ ఊపవచ్చు, పక్కలకూ ఊపవచ్చు. వెలుగు తరంగం కూడా అంతే. ఐస్‌లాండు స్ఫటికం అనే పారదర్శకమైన రాయికి ఒక వింత గుణం ఉన్నది. దానిగుండా చూస్తే ప్రతి అక్షరమూ రెండుగా కనపడుతుంది. ఒక కిరణం లోపలికి పోతే రెండు కిరణాలు బయటికి వస్తాయి, రెండూ ఒకదానికొకటి అడ్డంగా ఊగుతూ ఉంటాయి. ఈ సంగతి 1669లోనే డెన్మార్కు పండితుడు బార్తోలిన్ వ్రాసి పెట్టాడు. ఇటువంటి స్ఫటికాన్ని కోసి అతికి చేసిన పనిముట్టే రెండు బొమ్మల పట్టకం. చెదిరి వచ్చిన వెలుగును దాని గుండా పంపితే రెండు బొమ్మలు పక్కపక్కన పడతాయి. ఏ బొమ్మ ఎంత ప్రకాశంగా ఉన్నదో పోల్చి చూస్తే, అణువు గుండ్రంగా ఉన్నదా, కోలగా ఉన్నదా అన్నది కూడా ఊహించవచ్చు. వెలుగు పరిక్షేపణం కొలిచేవారికి ఆ కాలాన ఇది రోజూ వాడే పద్ధతి.

1931లో రామన్ గారు, భగవంతం గారు కలిసి ఈ కొలతను ఒక పెద్ద ప్రశ్నకు ప్రయోగించారు. వెలుగు తరంగమే కాక కణంగా కూడా ప్రవర్తిస్తుందని అప్పటికే ఐన్‌స్టైన్ చెప్పి ఉన్నారు. ఆ కణం, అనగా ఫోటాను, బొంగరం వలె తనకు తానుగా తిరిగే గుణం కలిగి ఉంటుందా అన్నది ప్రశ్న. వారు చెదిరిన వెలుగులోంచి రంగు మారని గీతను స్పెక్ట్రోగ్రాఫుతో జాగ్రత్తగా వేరుచేసి, అందులో రెండు దిక్కుల ఊపుల పాలు ఎంతెంతో కొలిచారు. ఆ లెక్కల ఆధారంగా ఫోటానుకు ఒక ప్రమాణం మేరకు ఆత్మభ్రమణం ఉన్నదని వాదించారు. అప్పటికి భగవంతం గారి వయసు ఇరవై రెండు. 1936లో అమెరికాలో రిచర్డ్ బెత్ అనే ఆయన, సన్నని తీగకు వేలాడదీసిన స్ఫటికపు బిళ్ళను వెలుగే మెలిపెట్టి తిప్పగలదని మరొక మార్గాన చూపించాడు. ఫోటానుకు ఆత్మభ్రమణం ఉన్నదన్న మాట నిలిచింది. నేడు అది ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఒక్క వాక్యంలో దొరుకుతుంది. ఆ వాక్యం వెనుక ఒక తెలుగు కుర్రవాడు చీకటిగదిలో గడిపిన రాత్రులు ఉన్నాయని పుస్తకం చెప్పదు.

వాల్తేరు కొండమీద

గురువు పక్కన ఉంటే కీర్తి దానంతట అదే వచ్చే దశలో భగవంతం గారు కలకత్తా వదిలారు. 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పటికి విశ్వవిద్యాలయం వయసు ఆరేళ్ళు. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకు మారింది. తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారి తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవిలో ఉన్నారు. జయపురం మహారాజు విక్రమదేవవర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేయగా, ఆయన పేరనే విజ్ఞాన, సాంకేతిక కళాశాల వెలిసింది. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్య కొత్తగా లేస్తున్న గోడలు. భౌతికశాస్త్రశాఖకు ఇంకా గురువుల పరంపర లేదు, పనిముట్ల కొట్టు లేదు. ఇరవై మూడేళ్ళు నిండీ నిండని వయసులో భగవంతం గారు ఆ భారం నెత్తికెత్తుకున్నారు. కొద్ది సంవత్సరాలలోనే ఆచార్యులయ్యారు, పిమ్మట కళాశాల ప్రిన్సిపాలు కూడా అయ్యారు.

వాల్తేరులో వెలుగును విడదీసే విద్యకు ఆయన ఒక్కరే పెద్ద కాదు. ఆచార్య కొచ్చెర్లకోట రంగధామరావు గారు (1898-1972) కూడా అక్కడే పనిచేశారు. ఆయన లండనులో ఫౌలర్ వద్ద, జర్మనీలో పాషెన్ వద్ద మెలకువలు నేర్చి వచ్చిన వర్ణపట శాస్త్రజ్ఞులు. మండే ఆవిరి నుంచి వచ్చే గీతలను బట్టి పరమాణువుల నిర్మాణం తేల్చటం ఆయన ప్రజ్ఞ. చెదిరిన వెలుగును బట్టి అణువులను, స్ఫటికాలను తేల్చటం భగవంతం గారి ప్రజ్ఞ. ఈ ఇద్దరి వల్లనే, స్పెక్ట్రోస్కోపీ అంటే వాల్తేరు అన్న మాట దేశంలో కొంతకాలం చెల్లింది. వారి శిష్యులు, ప్రశిష్యులు దేశవిదేశాల ప్రయోగశాలల్లో స్థిరపడ్డారు.

దారి సాఫీగా లేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఊరు ఖాళీ అయింది, విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. వెంట్రుకవాసి కదిలినా చెడిపోయే పరికరాలను పెట్టెలకెత్తి రైళ్ళ మీద మోయించటం అంటే ఏమిటో, ఇల్లు మారేటప్పుడు ఒక గాజు బీరువా తరలించిన వారెవరైనా ఊహించుకోగలరు. సీమ నుంచి సామాను రావటం యుద్ధకాలంలో గగనకుసుమం. ఉన్నదానితోనే పని సాగాలి. పరికరం దొరకనప్పుడు కాగితం, కలం, బుర్ర ఉంటే చాలని నిరూపించిన పని ఒకటి వాల్తేరులో అప్పటికే జరిగి ఉన్నది.

ముగ్గులో ఉన్న గణితం

ఆ పనిని మన ఆడపడుచుల ముగ్గుతో పోల్చి చెబితే సులభంగా తెలుస్తుంది. వాకిట్లో వేసిన చుక్కల ముగ్గును పావు వంతు తిప్పి చూసినా అది ఆ ముగ్గులాగే ఉంటుంది. నడిమికి అద్దం పెట్టి చూసినా అంతే. దీనినే సౌష్ఠవం అంటారు. స్ఫటికం కూడా ఒక ముగ్గే. పరమాణువులనే చుక్కలు మూడు దిక్కులా వరుస తీరి, ఒక చిన్న గడి పదేపదే పునరావృతం అవుతూ పెరిగిన ముగ్గు. ఆ చుక్కలు ఊరకే ఉండవు, ఎప్పుడూ కంపిస్తూ ఉంటాయి. ఎన్ని రకాలుగా కంపిస్తాయి? అందులో ఏ కంపనం చెదిరిన వెలుగులో గీతగా కనపడుతుంది, ఏది కనపడదు?

ఈ ప్రశ్నకు జవాబు ప్రతి స్ఫటికానికీ విడివిడిగా తంటాలు పడి వెతకనక్కరలేదని, ముగ్గు సౌష్ఠవాన్ని చూసి ముందుగానే లెక్క కట్టి చెప్పవచ్చని 1939లో భగవంతం గారు, ఆయనతో పనిచేసిన గణితజ్ఞులు టి. వెంకటరాయుడు గారు చూపించారు. దీనికి వారు వాడిన సాధనం సమూహ సిద్ధాంతం. అది అంతవరకు చాలామంది ప్రయోగకారులు దూరం నుంచి దండం పెట్టి తప్పుకొనే శుద్ధ గణితం. పునరావృతమయ్యే ఒక్క గడిని తీసుకొని, దాని సౌష్ఠవ క్రియలను పట్టికగా వ్రాసి, ఏ వరుసకు ఎన్ని కంపనాలు వస్తాయో కూడికలతో తేల్చే మార్గం అది. ఉదాహరణకు, స్ఫటికానికి నడుమ కేంద్ర సౌష్ఠవం ఉంటే, రామన్ పద్ధతిలో కనపడే కంపనం పరారుణ కాంతిలో కనపడదు, అక్కడ కనపడేది ఇక్కడ కనపడదు. ఇటువంటి నియమాలు చేతిలో ఉంటే, పలక మీద పడిన గీతలను చూసి స్ఫటికం లోపలి అమరికను వెనక్కు చదువుకుంటూ పోవచ్చు.

ఈ మార్గం నేటికీ వాడుకలో ఉన్నది. కొత్త పదార్థం తయారుచేసి రామన్ గీతలు తీసేవారు ముందుగా ఆ గణనే చేసుకొంటారు. ఇప్పుడు కంప్యూటరు ఆ పట్టికను క్షణంలో ఇస్తుంది. పట్టిక వేసే మార్గం మాత్రం వాల్తేరు దారే. 1940లో భగవంతం గారు వెలుగు పరిక్షేపణం మీద, రామన్ ఫలితం మీద ఇంగ్లీషులో ఒక గ్రంథం వ్రాశారు. 1948లో వెంకటరాయుడు గారితో కలిసి, భౌతిక సమస్యలకు సమూహ సిద్ధాంతాన్ని అన్వయించే గ్రంథం వెలువరించారు. రెండింటినీ ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది. సీమ ముద్రణాలయపు ముద్ర లేకపోయినా ఆ గ్రంథాలు సీమలోనూ అమెరికాలోనూ చదువరుల బల్లలకు చేరాయి.

శబ్దంతో చేసిన జాలకం

పట్టకం వెలుగును విడదీస్తుంది, గ్రేటింగు విడదీస్తుంది, ఐస్‌లాండు స్ఫటికం విడదీస్తుంది. శబ్దం కూడా వెలుగును విడదీస్తుందంటే వినేవారికి కట్టుకథలా తోచవచ్చు. నీటి తొట్టిలో ఒక క్వార్ట్‌జ్ బిళ్ళను విద్యుత్తుతో కంపింపజేస్తే, మన చెవికి అందనంత హెచ్చు శ్రుతిలో తరంగాలు పుడతాయి. ఆ తరంగం సాగే చోట నీరు ఒక వరుస చిక్కబడి, ఒక వరుస పలచబడి, గీతలు గీసిన గాజు పలక లాగా తయారవుతుంది. దాని గుండా సన్నని కిరణాన్ని పంపితే, అవతలి తెర మీద ఒక్క చుక్క బదులు వరుసగా అనేక చుక్కలు పడతాయి. 1932లో అమెరికాలోనూ ఫ్రాన్సులోనూ దీనిని కనుగొన్నారు. 1935-36లో రామన్ గారు, నాగేంద్రనాథ్ గారు దీనికి సిద్ధాంతం చెప్పారు.

వాల్తేరులో భగవంతం గారు, ఆయన శిష్యులు ఈ విషయాన్ని అందుకున్నారు. బి. రామచంద్రరావు గారితో కలిసి, ఇంకా ఇంకా హెచ్చు శ్రుతుల వద్ద వెలుగు ఎలా చీలుతుందో 1948 ప్రాంతాన పరిశీలించి ప్రకటించారు. చుక్కల మధ్య ఎడాన్ని కొలిస్తే ఆ పదార్థంలో శబ్దవేగం తెలుస్తుంది, వేగం తెలిస్తే స్ఫటికం ఎంత బిగువైనదో, ఏ దిక్కున ఎంత సాగుతుందో లెక్కకు వస్తుంది. ఎన్నో స్ఫటికాలకు ఆ అంకెలు మొదట సమకూర్చిన చోట్లలో వాల్తేరు ఒకటి.

దీని ఉపయోగం నేడు ఎంతవరకు వచ్చిందో గమనించండి. జీవకణాలను రంగురంగులుగా చూపించే లేజరు మైక్రోస్కోపులలో, పోయే వెలుగును వచ్చే వెలుగును వేరుచేయటానికి సాధారణంగా ఏటవాలుగా నిలిపిన పూతపూసిన అద్దం ఉంటుంది. కొన్ని రంగులను అది అద్దంలా తిప్పికొడుతుంది, మిగిలినవాటిని గాజులా పోనిస్తుంది. రామన్ గారి రెండు రంగు గాజులు చేసిన పనిని ఆ ఒక్క అద్దం చేస్తుంది. కొన్ని మేలురకం యంత్రాలలో ఆ అద్దం బదులు శబ్దతరంగాలు పరుగెత్తే స్ఫటికం ఉంటుంది. శ్రుతి మార్చితే చాలు, ఏ రంగు ఎటు పోవాలో మారిపోతుంది. తొట్టిలో నీటిని కంపింపజేసి తెర మీద చుక్కలు లెక్కపెట్టిన పని అంత దూరం నడిచి వచ్చింది.

కొలువులు, పదవులు

1948లో భగవంతం గారు వాల్తేరు వదిలారు. స్వతంత్ర భారతదేశం తరపున విజ్ఞాన వ్యవహారాల అధికారిగా లండను వెళ్ళారు. తిరిగి వచ్చి హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1952 నుంచి 1957 వరకు ఉపాధ్యక్షులుగా ఉన్నారు. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కాలం అది. 1957లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరు అయ్యారు. ఆ సంస్థ కూడా ఆయన పుట్టిన 1909లోనే ఏర్పడింది. పూర్వం గురువు రామన్ గారు కూర్చున్న ఆసనంలో శిష్యుడు కూర్చున్నారు. 1962లో ఆ పదవిని సతీష్ ధవన్ గారు అందుకున్నారు. అప్పటికే, 1961లో, డి. ఎస్. కొఠారీ గారి తరువాత, రక్షణమంత్రికి విజ్ఞాన సలహాదారుగా భగవంతం గారు నియమితులయ్యారు. కృష్ణమీనన్, వై. బి. చవాన్ వంటి మంత్రుల కాలంలో, రెండు యుద్ధాల మధ్య, 1969 వరకు ఆ బాధ్యత మోశారు. వెనుకబడిన దేశాలలో విజ్ఞానశాస్త్రం వేళ్ళూనటానికి పాటుపడిన అంతర్జాతీయ సంఘాలలోనూ పనిచేశారు. చివరి దశలో సత్యసాయిబాబా గారి తెలుగు ఉపన్యాసాలను సభలలో ఇంగ్లీషులోకి అనువదించిన వ్యక్తిగా కూడా ఎందరికో పరిచితులు. 1989 ఫిబ్రవరి 6వ తేదీన పరమపదించారు.

ఈ పదవుల పట్టిక చదివినప్పుడు మాకు రెండు ఆలోచనలు కలుగుతాయి. మొదటిది కొంత విచారంతో కూడినది. నలభై ఏళ్ళకు ముందే చీకటిగది నుంచి కచేరీ గదికి మారిన మనిషి, ఆ తరువాతి ఇరవై ఏళ్ళు కూడా చీకటిగదిలోనే ఉండి ఉంటే ఇంకా ఏమేమి కనుగొనేవారో అన్న ఆలోచన. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశానికి ప్రయోగశాలలు కట్టేవారు కావాలి, నడిపేవారు కావాలి. ఆ పని తెలిసినవారు గుప్పెడుమంది. వారిలో ప్రతి ఒక్కరూ తమ పరిశోధనలో కొంత భాగాన్ని దేశానికి కప్పంగా కట్టారు. భగవంతం గారు చెల్లించిన కప్పం చిన్నది కాదు.

రెండో ఆలోచన ఊరట కలిగించేది. ఆయన విద్యను పూర్తిగా విడువలేదు. ఢిల్లీలో సలహాదారు పదవిలో ఉండగానే, 1966లో, స్ఫటికాల సౌష్ఠవానికీ వాటి భౌతిక గుణాలకూ ఉన్న సంబంధం మీద మరొక గ్రంథం వెలువరించారు. ఫైళ్ళ మధ్య కూర్చొని ముగ్గులోని గణితాన్ని మరువని మనిషి ఆయన.

మన ఇంటి మాట

వాటర్లూలో ఉన్న మనకు ఈ జీవితంతో పనేమిటని ఎవరైనా అనవచ్చు. పని ఉన్నదనే మా అభిప్రాయం. మన పిల్లలలో కొందరు ఇక్కడి విశ్వవిద్యాలయపు ప్రయోగశాలల్లో చదువుతున్నారు. వారి బల్లల మీద వెలుగును సగం సగం పంచే గాజు ఘనాలు, పూతపూసిన అద్దాలు, గ్రేటింగులు బిగించి ఉంటాయి. అవన్నీ పెట్టెలలో చక్కగా వస్తాయి, మీట నొక్కితే తెర మీద గీత వస్తుంది. ఆ తేలికను మేము తప్పుపట్టము. ముందుతరం పడిన కష్టం తరువాతి తరం పడకపోవటమే కష్టపడినందుకు ఫలం. కాని గీత ఎందుకు అక్కడ పడిందో అడిగే అలవాటు పెట్టెలో రాదు. దానిని మనిషి నుంచి మనిషి నేర్వాలి. రామన్ గారి నుంచి భగవంతం గారు నేర్చారు, ఆయన నుంచి వాల్తేరు విద్యార్థులు నేర్చారు.

ఇంకొక మాట చెప్పటానికి కొంచెం సంకోచిస్తున్నాము. భగవంతం గారు కీర్తి ఉన్న చోటు వదిలి, ఏమీ లేని చోటికి వచ్చి కట్టారు. లండను వెళ్ళారు, తిరిగి వచ్చారు. మేము వచ్చాము, ఇక్కడే ఉండిపోయాము. ఎవరి కారణాలు వారికి ఉన్నాయి, ఎవరినీ నిందించే ఉద్దేశం లేదు. ఉన్నచోట ఉంటూనే తీర్చుకోదగిన బాకీ ఒకటి ఉన్నది. పెద్దలు చేసిన పనిని పిల్లలకు పేరుపెట్టి చెప్పటం. ఆ పని చేయకపోతే, మన పిల్లలు ఒక సమీకరణంలో, ఒక పట్టికలో ఆ పేరు తారసపడినా, అది తమ తాతల ఊళ్ళకు దగ్గరి పేరని గుర్తించలేరు.

ఈసారి ఎండ వచ్చి గోడ మీద ఏడు రంగులు పడినప్పుడు, పిల్లల పక్కన కాసేపు కూర్చోండి. ఆ రంగుల కథ చెప్పండి, అందులో కలకత్తా చీకటిగదిని, వాల్తేరు కొండను, ఆగిరిపల్లిని చేర్చండి. అదే ఆ మహనీయునికి వాటర్లూ తెలుగువారమైన మేము సమర్పించుకోగల నివాళి.